ఇటాలియన్ చికెన్ రోల్స్ చేస్తే చీజంతా ట్రేలోకి కారిపోయింది, పైన పీచు, లోపల పచ్చి. ఎక్కడ తప్పు చేశాను?

కూకట్‌పల్లి_కుక్:

అందరికీ నమస్కారమండి. చాన్నాళ్ళుగా ఇక్కడ చదవడమే గానీ రాయడం ఇదే మొదటిసారి, కాస్త పొడుగైతే ఏమనుకోకండి.

మొన్న ఆదివారం మా ఆవిడ పుట్టినరోజు. ప్రతి ఏడాదీ బిర్యానీ ఆర్డర్ పెట్టేసి ఊరుకుంటాను, ఈసారి నేనే ఏదైనా చేసి పెడదామని బుద్ధి పుట్టింది. పెళ్ళైన కొత్తలో ఇద్దరం ఒక ఇటాలియన్ రెస్టారెంట్‌కి వెళ్తే అక్కడ చికెన్ బ్రెస్ట్‌ని పల్చగా చేసి లోపల పాలకూర, చీజ్ పెట్టి చుట్టి, వండాక అడ్డంగా బిళ్ళలు కోసి ప్లేట్‌లో పరిచి తెచ్చారు, కోసిన చోట తెలుపూ పచ్చా సుడి తిరిగి భలే ఉంది, మా ఆవిడ ఇప్పటికీ దాని గురించి చెబుతుంది. సరే అదే చేద్దాం, చికెనూ చీజే కదా ఎంతసేపు అనుకున్నా.

చికెన్ షాప్ దగ్గరే మొదటి గొడవ. బోన్‌లెస్ బ్రెస్ట్ అన్నానో లేదో ఆయన టకటకా ముక్కలు కొట్టేశాడు. అయ్యో ముక్కలొద్దు బాబూ, పలకలా అలాగే ఇవ్వు అంటే నన్ను ఎగాదిగా చూసి ఇంకో రెండు కోళ్ళవి తీసి ఇచ్చాడు. మొత్తం నాలుగు పలకలు, ఒక్కోటి 180 గ్రాముల దాకా ఉంది. ఇంటికొచ్చి ప్లాస్టిక్ కవర్ మధ్య పెట్టి చపాతీ కర్రతో బాదాను. ఒక చివర పల్చబడి చిరిగిపోయింది, ఇంకో చివర లావుగా అలాగే ఉంది. రెండు కట్టల పాలకూర వేయించి, నీళ్ళలో తేలుతూ వస్తుంది చూడండి మోజరెల్లా బంతి, అది తుంచి వేసి, వెల్లుల్లి, మిరియాలు, ఒరెగానో కలిపి మా అమ్మ గుత్తొంకాయలో కారం కూరినట్టు దండిగా కూరాను. చుడితే అంచులు కలవట్లేదు. ఒక్కోదానికి నాలుగేసి టూత్‌పిక్‌లు గుచ్చి ఓటీజీలో, అదే మా చిన్న కరెంటు ఓవెన్‌లో, 200 డిగ్రీల మీద 35 నిమిషాలు పెట్టాను.

తీసి చూస్తే ట్రేలో ఆకుపచ్చ నీళ్ళు, ఆ నీళ్ళ చుట్టూ చీజ్ అట్టు కట్టి మాడిపోయి ఉంది. రెండు రోల్స్ విచ్చుకుని పడున్నాయి. మిగతా రెండూ కోస్తే పైన కొబ్బరి పీచు, మధ్యలో మాత్రం ఇంకా గులాబీ రంగు. మా అత్తగారూ మామగారూ రాజోలు నుంచి వచ్చి ఉన్నారు, అదొకటి. ఆవిడ ప్లేట్ వంక చూసి చాలా మర్యాదగా "ఇవేంటండీ అల్లుడుగారూ, లంక పొగాకు చుట్టల్లా ఉన్నాయి" అన్నారు. మామగారు ఏం మాట్లాడకుండా అంచు ముక్క ఒకటి నమిలి పెరుగన్నం కలుపుకున్నారు. చివరికి బిర్యానీయే తెప్పించాం.

వచ్చే ఆదివారం దాకా వాళ్ళు ఇక్కడే ఉంటారు, మళ్ళీ చేసి తీరాలి, పరువు సమస్య. చీజ్ ఎందుకు కారిపోయింది, ఒకే ముక్క పైన ఎండిపోయి లోపల పచ్చిగా ఎలా ఉంటుంది, అసలు ఇది ఓటీజీలో చేసేదేనా పొయ్యి మీదా? ఇంకో మాట, పంది మాంసం మా ఇంట్లో తినం, వైన్ కూడా అత్తగారి ముందు కష్టం. తెలిసినవాళ్ళు చెప్పి పుణ్యం కట్టుకోండి.

టొరీనో_పోరడు:

అన్నా, చుట్టల మాటకు మస్తు నవ్వుకున్న, ఏమనుకోకు. మాది వరంగల్, ఆరేండ్ల సంది ఇటలీల టొరీనోల ఉంటున్న, చదువుకోనీకి వచ్చి ఈడ్నే ఉద్యోగంల పడ్డ. మొదటి రెండేండ్లు ఒక ముసలామె ఇంట్ల కిరాయికున్న, ఆమెది దక్షిణం దిక్కు పూలియా. ఆమె పక్కన నిలబడి ఉల్లిగడ్డలు కోసుకుంట చూసి నేర్చుకున్నదే చెప్తున్న, నేను చెఫ్‌ను గాదు.

వీళ్లు దీన్ని ఇన్వోల్తీని అంటరు. ఇన్వోల్తో అంటే మూట, ఇన్వోల్తీని అంటే చిన్న చిన్న మూటలు. ఆ చిన్న అన్న మాట పట్టుకో అన్నా, నీ తప్పు సగం అక్కడ్నే ఉన్నది. 180 గ్రాముల పలక మొత్తం పెట్టి ఒక్కటే రోల్ చేస్తే అది మూట గాదు బస్తా. ఈడ ఏ సూపర్ మార్కెట్ల చూసినా బ్రెస్ట్‌ను పల్చగ కోసిన స్లైసులు దొరుకుతయి, మాంసం కొట్టుకు పోయి ఇన్వోల్తీనికి కావాలె అంటే ఆయనే అట్ల కోసి, సదును చేసి ఇస్తడు. ఒక్కో స్లైసు 80, 100 గ్రాములు, అరచెయ్యంత. చుట్టినంక నీ బొటనవేలు కంటె జర లావు, అంతే. నిజం చెప్పాలంటే మీ అత్తమ్మ అన్న చుట్ట సైజే కరెక్టు, నువ్వు చేసింది దానికి మూడింతలు ఉండి ఉంటది. అందుకే పైన ఎండేటి వరకు గూడ వేడి నడిమిట్లకు పోలే.

ఇగ బాదుడు సంగతి. వీళ్ల దగ్గర బత్తికార్నె అని ఒకటుంటది, గుండ్రటి బరువు ఇనుప బిళ్ళకు పట్టుకోనీకి ఒక పిడి. దాంతోని కూడ దబదబ కొట్టరు. ముక్కను రెండు బేకింగ్ పేపర్ల నడుమ పెట్టి, పేపర్ మీద రెండు చుక్కల నీళ్లు చల్లి, నడిమిట్ల ఆనించి బయటి దిక్కు జరుపుతరు. కొట్టుడు తక్కువ, తోసుడు ఎక్కువ. చపాతీ కర్ర గుండ్రంగ ఉంటది గాబట్టి ఒక్క గీత మీదనే దెబ్బ పడి చిరుగుతది, దానికన్న అడుగు సాపుగ ఉన్న బరువు గిన్నె నయం. మందం అర సెంటీమీటర్, మూడు రూపాయి బిళ్ళలు ఒకదాని మీద ఒకటి పెడితే ఎంతుంటదో అంత. అంతకన్న పల్చగ చేస్తే చినిగిపోతది.

లోపల పెట్టేది గుత్తొంకాయ లెక్క కూరద్దు అన్నా. మీ అత్తమ్మ వాళ్ల దిక్కే గద ఆత్రేయపురం, పూతరేకు మీద నెయ్యి, బెల్లం పొడి ఎంత పల్చగ పరుస్తరు? అట్ల పరవాలె. నేను చూసినంతల వీళ్లు పెట్టేది ఒక పల్చటి హామ్ స్లైసు, అంటే ఉప్పేసి ఊరేసిన పంది మాంసం, దాని మీద వేలెడంత చీజ్ ముక్క, ఒక సాల్వియా ఆకు, ఇంగ్లీషుల సేజ్ అంటరు. అయిపాయె. మూడు పక్కల ఒక వేలు వెడల్పు అంచు ఖాళీగ ఇడవాలె, ఆ పక్క అంచులు రెండు లోపలికి మడిచి, ఆ తర్వాత ఎదురుంగ చుట్టాలె, ఉత్తరం కవరు మూసినట్టు. చుట్టకు రెండు చివర్లు తెరిచి ఉంటే చీజ్ అండ్ల నుంచే పోతది, నీకు పోయింది గూడ అట్లనే.

చీజ్ గూడ తప్పుగ తీసుకున్నవ్. నీళ్లల్ల ఉండే మోజరెల్లా టమాటలతోని పచ్చిగ తినేతందుకు బాగుంటది, రోల్‌ల పెడితే ఆ నీళ్లన్నీ ఇడుస్తది. ఈ దిక్కు ఫోంతీనా ఏస్తరు, దక్షిణంల ప్రోవోలా లేకుంటే స్కామోర్జా, అవి నీళ్లు తక్కువున్న చీజులు. నీకు అవి దొరక్కపోతే పిజ్జా మీద ఏసే గట్టి మోజరెల్లా దిమ్మె కొను, తురమకు, వేలు లెక్క పొడుగ్గ కొయ్యి.

వండుడు పెనం మీదనే. రోల్‌ను మైదాల దొర్లించి దులుపు, ఆలివ్ నూనె, ఇంత వెన్న వేడి చేసి, అతుకు ఉన్న దిక్కు ముందు కిందికి పెట్టు, అది కాలి అంటుకపోతది, టూత్‌పిక్ మీద భారం తగ్గుతది. అన్ని దిక్కుల తిప్పి ఎర్రగ అయినంక అర గ్లాసు తెల్ల వైన్ పోస్తరు, వాసన ఎగిరిపోయినంక మంట తగ్గించి మూత పెట్టి 8, 10 నిమిషాలు. మైదా ఆ రసంల కరిగి చిక్కగయితది. మొత్తం పావు గంట పని.

ఉప్పు ఎంత, మిరియాలు ఎంత అని ఆమెను అడిగితే ఎప్పుడూ ఒక్కటే మాట, కువాంతో బాస్తా. ఈడ పుస్తకాలల్ల గూడ కొలత బదులు అదే రాస్తరు. మన "ఉప్పు: తగినంత" అన్నా అది, సముద్రాలు దాటొచ్చినా తప్పలే నాకు.

పప్పుచారు_ఫ్యాన్:

అరకిలో బ్రెస్ట్ పీసులుగా కొట్టించి కరివేపాకు, జీడిపప్పు వేసి వేపుడు చేసుంటే అత్తగారు చుట్టలు అనేవారా? అడుగుతున్నా అంతే.

గాజువాక_గరిటె:

ఫ్యాన్ గురూ, నువ్వు ప్రతి పోస్టు కిందా ఇదే రాస్తావ్, మొన్న కేక్ అడిగితే కూడా వేపుడే చెప్పావ్.

కుక్ గారూ, నేను పదకొండేళ్ళు హోటల్ కిచెన్‌లో చేశాను, ఇప్పుడు విశాఖలో సొంతంగా చిన్న క్యాటరింగ్. టొరీనో తమ్ముడు చెప్పిందంతా కరెక్టే, కాకపోతే ఆయనకి అక్కడ స్లైసు కోసి చేతిలో పెడతారు, మీకు ఆ ముక్కల కొట్టాయన ఉన్నాడు. అందుకని ముక్క కోయడం దగ్గర్నుంచి చెబుతా.

పలక తిరగేస్తే వెనక వేలాడుతున్నట్టు చిన్న ముక్క విడిగా ఉంటుంది, అది ముందు లాగేయండి, అది పెట్టుకుని బాదితేనే ఒక పక్క ఎగుడు ఒక పక్క దిగుడు అయ్యేది. తర్వాత పలకని ఫ్రీజర్‌లో ఓ 20 నిమిషాలు పెట్టండి, గడ్డ కట్టక్కర్లేదు, కాస్త బిగిస్తే చాలు, కత్తి జారదు. బోర్డు మీద పెట్టి పైన అరచేయి ఆనించి, కత్తిని బోర్డుకి సమాంతరంగా పట్టి, లావు పక్క నుంచి అడ్డంగా కోసుకుంటూ వెళ్ళి పలకని రెండు పల్చటి పలకలుగా విడదీసేయండి. మీ 180 గ్రాములది 80, 90 గ్రాములవి రెండవుతుంది. అంటే నాలుగు పలకలకి ఎనిమిది రోల్స్. కత్తికి పదును లేకపోతే మాత్రం ఈ పని మొదలెట్టొద్దు, మొద్దు కత్తే చెయ్యి కోసేది.

ఇప్పుడు నీళ్ళు. మీ ట్రేలో ఆకుపచ్చ నీళ్ళు ఎక్కడివి? పాలకూరవి. ఆకు వేయిస్తే నీళ్ళు పోయాయనుకుంటాం, పోవు. మరిగే నీళ్ళలో ఒక్క నిమిషం ముంచి తీసి చల్లనీళ్ళలో వేసి, పన్నీర్ కట్టే గుడ్డలో మూట కట్టి పిండండి. పిండాక మళ్ళీ పిండండి. మా కుర్రాళ్ళకి నేను చెప్పేది ఏంటంటే రెండు కట్టల ఆకు చివరికి నిమ్మకాయంత ముద్ద అవ్వాలి, అది కత్తితో తరిగితే బోర్డు తడవకూడదు. దాన్ని వెల్లుల్లితో నూనెలో ఒక నిమిషం తిప్పి పూర్తిగా చల్లారాకే వాడాలి, వేడిది పెట్టి చుట్టి పక్కన ఉంచితే చికెన్ పాడవుతుంది కూడా.

పాలకూరకి జోడీ అసలైతే రికోత్తా. చీజ్ తీశాక మిగిలిన విరుగుడు నీళ్ళని మళ్ళీ కాచి తీస్తారు దాన్ని, రికోత్తా అంటేనే మళ్ళీ వండినది అని. మనకి అంత తతంగం ఎందుకు, లీటరు పాలు నిమ్మరసంతో విరగ్గొట్టి వడకట్టి బరువు పెట్టకుండా ఓ గంట వేలాడదీస్తే మెత్తగా పొడిపొడిగా వస్తుంది, పని జరిగిపోతుంది. అందులో గట్టి చీజ్ తురుము రెండు చెంచాలు, జాజికాయ ఒక్క గీకుడు, ఆ ముద్ద పాలకూర. జాజికాయ మర్చిపోకండి, ఇటలీ వాళ్ళు పాలకూర, రికోత్తా కలిపిన చోటల్లా అది గీకుతారు. ఒక్కో రోల్‌కి ఒక టేబుల్ స్పూన్ మించొద్దు. మీకు తక్కువ పెట్టినట్టే అనిపిస్తుంది, అనిపించనీయండి.

చుట్టాక ఒక్కో రోల్‌ని క్లింగ్ ఫిల్మ్‌లో బిగించి రెండు చివర్లూ చాక్లెట్ కాగితంలా మెలిపెట్టి ఫ్రిజ్‌లో అరగంట పెట్టండి. ఆకారం నిలబడిపోతుంది, టూత్‌పిక్ ఒకటి చాలు. ఎన్ని గుచ్చారో మాత్రం లెక్క రాసుకోండి, ఒక పెళ్ళి పార్టీలో మా కుర్రాడొకడు లెక్క తప్పి పెద్దాయనొకాయన పంటి కింద పడింది, ఆ తర్వాత పార్టీ అంతా ఆయన మా స్టాల్ దగ్గరే కుర్చీ వేసుకుని కూర్చున్నాడు.

పచ్చి సంగతి జాగ్రత్త. రంగు చూసి నమ్మకండి, ఉడికిన చికెన్ ఒక్కోసారి గులాబీగా ఉంటుంది, ఉడకనిది తెల్లగానూ ఉంటుంది. చిన్న డిజిటల్ థర్మామీటర్ కొనుక్కోండి, సూది మొన రోల్ నట్టనడుమ స్టఫింగ్‌లోకి దిగాలి, 74 డిగ్రీలు చూపించాలి. స్టఫింగ్‌కి పచ్చి చికెన్ రసం తగులుతుంది కాబట్టి అదీ ఆ వేడికి చేరాల్సిందే. 74 అయిన క్షణం దించేయండి, బ్రెస్ట్‌లో కొవ్వు దాదాపు ఉండదు, 80 దాటిందంటే మళ్ళీ మీ కొబ్బరి పీచే. దించాక ఐదు నిమిషాలు ముట్టుకోవద్దు. వెంటనే కోస్తే రసం, చీజ్ రెండూ బోర్డు మీదే.

కూకట్‌పల్లి_కుక్:

అయ్య బాబోయ్, ఇద్దరికీ దండాలు. ఇంత పొడుగ్గా ఓపిగ్గా చెబుతారని అనుకోలేదు. ఆ చిన్న ముక్క లాగేయాలని నాకు తెలీనే తెలీదు, అది కూడా పలకలో భాగమే అనుకుని పాపం దాన్నే ఎక్కువ బాదాను.

హామ్ లేకపోతే రుచి చప్పగా ఉండదా? వైన్ బదులు ఏం పోయాలి, వెనిగర్ పోస్తే సరిపోతుందా? మా ఆవిడ తరఫున ఇంకోటి, ఆవిడకి ఎర్ర సాస్ కావాలట.

డాలస్_అక్కయ్య:

వెనిగర్ వద్దు నాన్నా, పులుపు పళ్ళకి పడుతుంది. చికెన్ ఎముకలు నాలుగు ఉల్లిపాయ, మిరియాలతో ఉడకబెట్టిన నీళ్ళు అర గ్లాసు పోసి, దించే ముందు అర చెక్క నిమ్మకాయ పిండితే వైన్ చేసే పనిలో ముప్పాతిక చేస్తుంది. ఎముకలు ఆ షాప్ అబ్బాయినే అడుగు, బ్రెస్ట్ తీసేశాక ఆ గూడు ఊరికే పారేస్తాడు.

హామ్ లేకపోతే ఉప్పదనం ఇంకోచోట నుంచి తేవాలి. ఆలివ్‌లు, ఎండబెట్టిన టమాటాలు, కేపర్లు అని ఉప్పులో ఊరేసిన చిన్న మొగ్గలు, ఈ మూడింట్లో ఏదున్నా సన్నగా తరిగి వేసుకో. నాకు అన్నిటికంటే నచ్చింది సిసిలీ పద్ధతి. అక్కడ స్టఫింగ్‌లో బ్రెడ్ పొడిదే పెత్తనం. బ్రెడ్ పొడి ఆలివ్ నూనెలో దోరగా వేయించి, కిస్‌మిస్, చిల్గోజా పప్పు (పైన్ నట్స్), గొర్రెపాల చీజ్ తురుము, కొత్తిమీరలా ఉండే పార్స్‌లీ కలుపుతారు. తియ్యగా ఉప్పగా ఉంటుంది. చిల్గోజా ధర చూస్తే గుండె ఆగుతుంది కాబట్టి నేను జీడిపప్పు పలుకులు వేస్తాను, ఎవరూ కేసు పెట్టలేదు. ఈ స్టఫింగ్ సుగుణం ఏంటంటే కారదు, పైగా చికెన్ వదిలే రసాన్ని బ్రెడ్ పీల్చుకుంటుంది. నువ్వు పాలకూర, చీజ్ మీదే పట్టు పడితే కూడా అందులో రెండు చెంచాల బ్రెడ్ పొడి కలుపు, అది కాపలా కాస్తుంది.

ఇక్కడ మా బాధ నీకు రివర్సు. అమెరికా కోడి బ్రెస్ట్ ఒక్కో పలక 300 గ్రాముల పైనే, కొన్నైతే చెక్కలా బిగుసుకుని ఉంటాయి, వుడీ బ్రెస్ట్ అంటారు, కోడిని తొందరగా పెద్దగా పెంచడం వల్ల వచ్చే తంటా, ఎంత బాదినా నమిలితే కరకరమంటుంది. చేత్తో నొక్కి చూసి గట్టిగా ఉంటే నేను రోల్స్ చేయను, కీమా కొట్టేస్తాను. మీకు చిన్న కోళ్ళు దొరుకుతున్నాయి, ఆ విషయంలో అదృష్టవంతుడివి.

ఎర్ర సాస్ సంగతికొస్తే, పెనం మీద రోల్స్ ఎర్రబడ్డాక పక్కకి తీసి, అదే నూనెలో వెల్లుల్లి, పండు టమాటా గుజ్జు ఉప్పేసి పది నిమిషాలు ముందు ఉడికించుకోవాలి, ఆ తర్వాతే రోల్స్ దింపి మూత పెట్టాలి. పచ్చి టమాటాలో చికెన్ వేసి రెండూ కలిపి ఉడికిస్తే టమాటా పచ్చి వాసన పోయేసరికి చికెన్ బెండయిపోతుంది. ఓటీజీ వాడాలనే ఉంటే ఆ సాస్ ట్రేలో పోసి, వేగిన రోల్స్ పెట్టి 190 దగ్గర ఓ 12 నుంచి 15 నిమిషాలు. నేరుగా పచ్చి రోల్ ఓవెన్‌లో పెట్టకు, తెల్లగా పాలిపోయినట్టు వస్తుంది.

ఇక్కడ రెస్టారెంట్లలో దీన్ని రోలాటీని అని రాస్తారు, పైన చీజ్ కప్పి పక్కన బోలెడు స్పగెట్టీ వడ్డిస్తారు. మా ఆఫీస్‌లో ఒక ఇటలీ అమ్మాయి ఉంది, ఆ పేరు వింటే ముఖం చిట్లిస్తుంది, మా ఊళ్ళో ఆ మాటే లేదు అంటుంది.

టొరీనో_పోరడు:

అక్కా, పక్కన స్పగెట్టీ పెడితే మా ఓనరమ్మ అయితే ప్లేట్ వాపస్ పంపుతుండె. ఈడ పాస్తా ముందు, అది అయినంక మాంసం వేరే ప్లేట్ల, దాని పక్కన ఉడకబెట్టిన బీన్సో ఆలుగడ్డనో.

కని టమాట సాస్‌ల ఉడికించుడు వాళ్ల దిక్కుదే, అది మాత్రం నిజం. పూలియాల ఆదివారం బ్రాచోలె చేస్తరు, గొడ్డు మాంసంతోని, బారీ పట్నం దిక్కు గుర్రం మాంసంతోని గూడ. పొద్దుగాల పొయ్యి మీద పెడితే రెండు మూడు గంటలు సన్నగ ఉడుకుతనే ఉంటది, ఆ సాస్‌ను ముందు ఒరెకియెత్తె పాస్తాకు కలుపుతరు, చెవుల లెక్కుంటయి అవి, ఆ తర్వాత రోల్స్ తింటరు. అది చూసి నేనొకసారి చికెన్‌ను గూడ రెండు గంటలు పెట్టిన అన్నా, ఎంత ఎక్కువ ఉడికితే అంత మెత్తగ అయితది అనుకున్న. తాడు అయింది. ఆమె వచ్చి మూత తీసి చూసి ఒక్క మాట అనలే, మూత మళ్ల పెట్టి బయటికి పోయింది. బ్రాచోలెకు తీసుకునే మాంసంల నరం, జిగురు ఉంటది, అది కరగాలంటే గంటలు కావాలె. బ్రెస్ట్‌ల కరగనీకి ఏమున్నది?

ఇంకోటి, ఇంటర్నెట్‌ల చాలామంది ఈ రోల్స్‌కే సాల్తింబోక్కా అని పేరు పెడుతున్నరు. అది రోమ్‌ది, దూడ మాంసంతోని చేస్తరు, పైన హామ్, సాల్వియా ఆకు పెట్టి పుల్లతోని గుచ్చుతరు, చుట్టరు. నోట్లెకు దుంకుతది అని దాని పేరుకు అర్థం.

అమ్మమ్మ_మసాలా:

అందరూ చెప్పారు గానీ ఒక్కరూ అల్లం వెల్లుల్లి పేస్ట్ మాట ఎత్తలేదు. ముక్కకి అల్లం వెల్లుల్లి, పసుపు, కారం పట్టించి గంట నానబెట్టకపోతే నీచు వాసన రాదా? నేనైతే లోపల కొత్తిమీర, పచ్చిమిర్చి, గరం మసాలా కూడా వేస్తా.

గాజువాక_గరిటె:

వెయ్యండి అమ్మా, బానే ఉంటుంది, కానీ దాన్ని చికెన్ రోల్ అందాం, ఇటలీ పేరొద్దు. గరం మసాలా పడ్డాక ఫోంతీనా వేసినా ఒకటే, పన్నీర్ వేసినా ఒకటే, ఏదీ తెలీదు. నీచు వాసన పాత చికెన్‌కి వస్తుంది, కళ్ళ ముందు కోయించిన దానికి రాదు. ఉప్పు మాత్రం ముందే, బాదాక రెండు వైపులా చల్లి అరగంట వదిలేస్తే లోపలికి దిగుతుంది, ముక్క రసం కూడా పట్టి ఉంచుతుంది. మిరియాలు పైన దండిగా కొట్టుకోండి, ఎవరూ వద్దనరు.

అమ్మమ్మ_మసాలా:

సరే మీ ఇష్టం. నేను పసుపు అయితే మానను.

కూకట్‌పల్లి_కుక్:

రిపోర్ట్ ఇద్దామని వచ్చాను. నిన్న మళ్ళీ చేశాను.

ఈసారి షాప్‌లో నోరు తెరిచే ముందే చెయ్యి అడ్డం పెట్టాను, పలకలు పలకల్లాగే వచ్చాయి, గూడు కూడా ఇచ్చాడు, డబ్బులు తీసుకోలేదు. గరిటె గారు చెప్పినట్టు ఫ్రీజర్‌లో పెట్టి కోస్తే మూడు బానే విడిపోయాయి, నాలుగోది మధ్యలో కత్తి పైకి వచ్చేసి చిల్లు పడింది, దాన్ని లాగేసిన చిన్న ముక్కతో అతికేశాను, చుట్టాక తెలీలేదు. బాదడానికి మా కుక్కర్ లోపలి గిన్నె వాడాను, అడుగు చదును, తోసుకుంటూ పోతే నిజంగానే చిరగలేదు.

పాలకూర పిండుతుంటే అత్తగారు వంటింట్లోకి వచ్చారు. నేను పిండి పక్కన పెట్టిన ముద్దని చూసి, మాట్లాడకుండా తీసుకుని గుడ్డలో వేసి ఒక్క మెలిక తిప్పారు, ఇంకో పావు గ్లాసు నీళ్ళు కారాయి. "చింతపండు ఎప్పుడూ పిసకలేదేంటండీ" అన్నారు. అప్పట్నుంచి ఆవిడ వెళ్ళలేదు, పక్కనే స్టూల్ వేసుకుని కూర్చుని ఒక్కో రోల్‌కి స్టఫింగ్ ఎంత పెడుతున్నానో చూస్తూనే ఉన్నారు. పూతరేకుల మాట నేను చెప్పానో లేదో, చుట్టే పని ఆవిడే తీసుకున్నారు. ఎనిమిదిలో ఐదు ఆవిడ చుట్టినవే, ఒక్కటి కూడా విచ్చుకోలేదు. నావి మూడింట్లో ఒకటి కారింది, అంచు మడవడం మర్చిపోయాను.

నాలుగు నిమ్మరసంతో తెల్లగా, నాలుగు టమాటా సాస్‌లో ఎర్రగా చేశాను. థర్మామీటర్ 71 దగ్గర ఎంతసేపటికీ కదలదే, నేను పొయ్యి ముందు నిలబడి దాన్నే చూస్తున్నా, ఉన్నట్టుండి 76 అయిపోయింది. అయినా పీచు కాలేదు. కోస్తే సుడి సరిగ్గా ఆ రెస్టారెంట్‌లో చూసినట్టు కాదు గానీ ఆవైపుగా వచ్చింది, మా ఆవిడ ఫోటో తీసి స్టేటస్ పెట్టుకుంది, అందులో నా పేరు లేదు, వాళ్ళమ్మ పేరుంది.

మామగారు రెండు తిన్నారు. అత్తగారు మాత్రం చికెన్ ఒక్క ముక్కే తిని, పెనంలో మిగిలిన ఆ ఎర్ర సాస్ మొత్తం వేడన్నంలో వేసుకుని కలిపి, "ఇది బావుందండీ, ఇందులో ఇంకాస్త కారం పడాలి" అన్నారు. టొరీనో తమ్ముడూ, నేను ఆవిడకి అలా తినకూడదండీ అని చెప్పబోయి ఆగిపోయాను.

టూత్‌పిక్‌లు ఎనిమిది గుచ్చాను, ఎనిమిదీ దొరికాయి.

టొరీనో_పోరడు:

ఆగి మంచి పని చేసినవ్ అన్నా. ఈడ గూడ ప్లేట్ల మిగిలిన సాస్‌ను బ్రెడ్ ముక్కతోని తుడుసుకోని తింటరు, దానికి ఒక పేరే ఉన్నది, స్కార్పెత్తా, చిన్న చెప్పు అని అర్థం. పెద్ద హోటళ్లల్ల చేస్తే జర చిన్నతనం అంటరు, ఇంట్ల మాత్రం అట్ల తుడిస్తే వండినామెకు ఖుషీ. ఈడ బ్రెడ్డు, అత్తమ్మకు అన్నం.

కారం కావాలంటే సాస్‌ల ఎండుమిరపకాయ నూనెల్నే తుంచి ఎయ్యి, దక్షిణం దిక్కు వాళ్లు గూడ ఏస్తరు.

పప్పుచారు_ఫ్యాన్:

ఆ సాస్ రెసిపీ ఒక్కటి విడిగా పెట్టండి కుక్ గారూ. చికెన్ అక్కర్లేదు.